మావాడు కేరళ లీగ్‌లో ఆడతానంటున్నాడు

ప్రశ్న: మావాడు సీనియర్ ఇంటర్, ఎంపీసీ. సూపర్ లీగ్ కేరళ మ్యాచ్‌లు ఫోన్‌లో చూసి అదే లోకం అయిపోయాడు. ఇంజినీరింగ్ వద్దట, బెంగళూరులో ఫుట్‌బాల్ అకాడమీలో చేరతాడట. ఫీజు ఏడాదికి నాలుగు లక్షలు. ఒక ఏడాది పోతే ఎలా? చుట్టాలకు ఏం చెప్పుకోవాలి? బీటెక్, అకాడమీ రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: క్రికెట్ పేరుతో, బ్యాడ్మింటన్ పేరుతో ఇదే ఉత్తరం నాకు ప్రతి జనవరిలో వస్తుంది. ఈసారి ఫుట్‌బాల్. పోల్చమన్నారు గానీ, మీ టెన్షన్ అంతా ఆ చుట్టాల మాటలోనే ఉంది. కాస్త ఊపిరి పీల్చుకోండి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఒక ఏడాది అటూ ఇటూ అయితే కొంప మునగదు. లాంగ్‌టర్మ్ కోచింగ్ పేరుతో ఏడాది పోగొట్టుకున్న పిల్లలు మీ వీధిలోనే ఉంటారు, వాళ్ళ గురించి ఎవరూ ఏమీ అనరు.

ఇక ఆ లీగ్ సంగతి. మొదటి సీజన్ 2024 సెప్టెంబరు 7న మొదలైంది. ఆరు జట్లు, 33 మ్యాచ్‌లు. నవంబరు 10న ఫైనల్, కోళికోడ్‌లో కిక్కిరిసిన స్టేడియంలో కాలికట్ ఎఫ్‌సీ 2-1తో ఫోర్సా కొచ్చిని ఓడించింది. చూడముచ్చటైన ఆట, కాదనను. కానీ లెక్క చూడండి. అది రెండు నెలల సీజన్. ఆరు జట్లూ ఒకేసారి దిగినా మైదానంలో ఉండేది 66 మంది. అందులో విదేశీయులు పోగా, సందు దొరికితే ముందు దూరేది కేరళలోనే ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న మలప్పురం కుర్రాళ్ళు, వాళ్ళు నడక నేర్చినప్పటి నుంచీ బంతితోనే ఉన్నారు. మిగతా పది నెలలు ఏం తింటాడో అకాడమీ బ్రోషర్‌లో రాయరు.

పై మెట్టు గట్టిదనుకుంటున్నారా? దేశంలో పెద్ద లీగ్ ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్ఎల్. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో దాన్ని గెలిచింది. ఆ తర్వాత జీతాల గొడవలు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. అదే ఏడాది జూలైలో లీగ్ నడిపే హక్కుల ఒప్పందం తేలక ఐఎస్ఎల్ సీజన్‌నే తాత్కాలికంగా ఆపేశారు. మన ఊరి ముచ్చట కూడా ఒకటుంది. 2020లో ఐఎస్ఎల్ తర్వాతి మెట్టయిన ఐ-లీగ్‌లో కొత్త జట్టు కోసం శ్రీనిధి సంస్థ బిడ్ గెలిచింది విశాఖ పేరు మీదే. తీరా ఆడింది శ్రీనిధి డెక్కన్‌గా, హైదరాబాద్‌లో.

అందుకే ఫీజు కట్టించుకుని కలలు అమ్మే అకాడమీలంటే నాకు ఒళ్ళు మంట. కట్టే ముందు రెండే అడగండి: పిల్లల్ని ఫుట్‌బాల్ సమాఖ్య వారి ఆటగాళ్ళ నమోదు వ్యవస్థ సీఆర్‌ఎస్‌లో రిజిస్టర్ చేస్తారా? యూత్ లీగ్‌లో ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు? నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి. బాగా ఆడే కుర్రాణ్ణి మంచి క్లబ్బు ట్రయల్స్‌లో చూసి తనే తీసుకుంటుంది, నాలుగు లక్షలు అడగదు.

బీటెక్ గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసిందే. సీటొస్తే చేరనివ్వండి, కాలేజీ జట్టు నుంచి యూనివర్సిటీ జట్టుకు ఆడొచ్చు. డిగ్రీ అయితే ఇంకా తీరిక. రైల్వే స్పోర్ట్స్ కోటాకు 18 నుంచి 25 ఏళ్ళ వరకు టైముంది. అయితే అక్కడ జిల్లా కప్పులు చెల్లవు, రాష్ట్రం తరఫునో యూనివర్సిటీ తరఫునో జాతీయ పోటీల్లో ఆడి మంచి స్థానం తెచ్చుకుని ఉండాలి. ఏ దారి పట్టినా ఇంటర్ మాత్రం పాసై తీరాలి, దీంట్లో బేరం లేదు.

ఇప్పుడు మీకు రెండు మాటలు, ఏమీ అనుకోకండి. వాడు అండర్-14లో కప్పు తెచ్చిన రోజు ఆ ఫొటో అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టానని మీరే రాశారు. అప్పుడు లేని చుట్టాలు ఇప్పుడెక్కడి నుంచి వచ్చారు? రెండు పేజీల ఉత్తరంలో వాడి మార్కులున్నాయి, ర్యాంకు అంచనా ఉంది, ఫీజు ఉంది. వాడు డిఫెండరా, గోల్‌కీపరా అన్నది లేదు. ఈ ఆదివారం పొద్దున్నే వాడు ఆడే గ్రౌండ్‌కి వెళ్ళి, ఒక మూల కూర్చుని మ్యాచ్ మొత్తం చూడండి. వాళ్ళ కోచ్‌ను పక్కకు పిలిచి, రాష్ట్ర జట్టుకు సరిపోతాడా అని సూటిగా అడగండి. ఆయన ఏమన్నాడో నాకు మళ్ళీ రాయండి, అప్పుడు అకాడమీ మాట మాట్లాడుకుందాం.