చూర్ణం దంచుతున్నావట!

అమ్మడూ,

వన్‌టౌన్‌లో కరక్కాయ, తానికాయ, ఎండు ఉసిరి కొనుక్కొచ్చి త్రిఫల చూర్ణం ఇంట్లోనే దంచుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొత్తిమీర కట్ట కూడా యాప్‌లో తెప్పించుకునే పిల్ల రోకలి పట్టిందా అని మురిసిపోయాను. "రోజూ నాకూ ఇస్తుందట" అన్న మాట వినగానే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గింజలు తీసేశాకే తూకం వెయ్యి, మూడూ సమపాళ్లు. పల్చటి గుడ్డలో జల్లించు. సీసాలో తడి చెంచా పెట్టకు, బూజు వాసనొస్తే మొత్తం పారెయ్. ఇందులో పెద్ద విద్యేమీ లేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం విను. ఓ మే నెల, గుంటూరు ఎండ నీకు చెప్పాలా! మీ పెదనాన్నకి మూడు రోజులుగా విరేచనం లేదు. అరచెంచా ఇస్తే కదల్లేదు. కన్నతల్లికైనా ఎప్పుడో కోపం వస్తుందేమో గానీ కడుపులో పడ్డ కరక్కాయకి రాదని మా నాయనమ్మ అనేది. ఆ ధీమాతో మూడు చెంచాలు కలిపి తాగించాను. తెల్లారేసరికి ఆరుసార్లు వెళ్లారు. టిఫిన్ వద్దన్నారు. షుగర్ మాత్ర మాత్రం మానకూడదు కదా అని నేనే చేతిలో పెట్టాను. పదిన్నరకి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. నన్నే ఎవరని అడిగారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అన్నారు డాక్టరుగారు. లేదన్నాను. అబద్ధమాడాలని కాదు తల్లీ, అది మందని నాకు తోచలేదు. మనింట్లో అది ఉసిరికాయ పచ్చడి పక్కన ఉండే సీసా! ఏమీ తినకుండా మాత్ర వేసుకోవడంతో షుగర్ పడిపోయింది; గ్లూకోజ్ ఎక్కించాక మనిషి తేరుకున్నారు. సాయంత్రం ఆయనే నర్సుతో "అంతా మా ఆవిడ చూర్ణం మహిమ" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. విరేచనాలు దేనికో తెలియక వాళ్లు పొద్దుటినుంచీ పరీక్షలు చేస్తున్నారు, పక్కనే నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

మీ అమ్మా షుగర్ మాత్ర వేసుకునే మనిషే. త్రిఫలకీ షుగర్ తగ్గించే గుణం కొంత ఉందంటారు, మాత్రకి అదీ తోడైతే? డాక్టరుకి సీసా చూపించి, ఆయన సరేనంటేనే ఇవ్వు. మీ వదిన నెల తప్పింది కదా, ఆవిడకి ససేమిరా వద్దు. రక్తం పల్చబడే మాత్రలు వాడే మీ మావయ్యకీ అడక్కుండా ఇవ్వకు, ప్రేమ కొద్దీ అందరికీ పంచేస్తావు నువ్వు. నీకైతే రాత్రి గోరువెచ్చని నీళ్లలో అరచెంచా చాలు. విరేచనాలు పట్టుకుంటే ఆపెయ్. మలబద్ధకానికి బాగా పనికొస్తుంది, అందుకే నేనింకా మానలేదు. జుట్టు నల్లబడుతుంది, పొట్ట కరిగిపోతుంది అని వాట్సాప్‌లో వచ్చేవి నాకు పంపకు.

పండక్కి వచ్చేటప్పుడు నాకో చిన్న సీసా తీసుకురా. సంచి అడుగున పెట్టు. పెదనాన్న చూశారంటే ఆ ఆసుపత్రి కథ మళ్లీ మొదలెడతారు.

మీ పెద్దమ్మ