రియాక్ట్ సంగతి తర్వాత, ముందు ఆ సైన్ అప్ ఫారం పూర్తి చేయండి

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ నేర్చుకుని నాలుగైదు పేజీలు చేశాను. ఒక పేజీలో సైన్ అప్ ఫారం పెట్టాను. బటన్ నొక్కగానే పేజీ మళ్లీ మొదటికొస్తోంది, టైప్ చేసిన పాస్‌వర్డ్ అడ్రస్ బార్‌లో కనిపిస్తోంది. ఇంటర్న్‌షిప్‌కి ఇవేవీ సరిపోవు, నేరుగా రియాక్ట్ నేర్చుకో అని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రియాక్ట్ అంటే వెబ్ పేజీలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. అది ఒక నెల ఆగినా మునిగిపోయేదేమీ లేదు. అక్కడా అడుగున ఉండేది ఇదే ఫారం ట్యాగ్ కాబట్టి, ఇప్పటి తికమక అక్కడికీ మీ వెంటే వస్తుంది. పైగా పని కోసం పేజీ చూపించినప్పుడు అవతలివాళ్లు రంగులు చూసి ఊరుకోరు. ఫారంలో తప్పుడు ఈమెయిల్ కొట్టి ఏమవుతుందో చూస్తారు. రోజుకు గంటన్నర చొప్పున మూడు వారాలు దీనికే కేటాయించండి.

మీరు చెప్పిన రెండు లక్షణాలకూ కారణం ఫారం ట్యాగ్‌లోనే ఉంది. మెథడ్ (వివరాలు పంపే పద్ధతి) రాయకపోతే బ్రౌజర్ దాన్ని గెట్ అనుకుంటుంది. గెట్ అంటే నింపిన వివరాలన్నీ ప్రశ్నార్థకం తర్వాత అడ్రస్‌కే తగిలించి పంపడం. అవి బ్రౌజర్ హిస్టరీలోనూ సర్వర్ లాగ్‌లలోనూ మిగిలిపోతాయి. పాస్‌వర్డ్ ఉన్న ఫారానికి మెథడ్ పోస్ట్ (వివరాలను అడ్రస్‌కు తగిలించకుండా పంపేది) అయి తీరాలి. ఇక యాక్షన్ (వివరాలు ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా) ఖాళీగా ఉంటే వివరాలు అదే పేజీ చిరునామాకి వెళ్తాయి, ఆ పేజీయే తిరిగి తెరుచుకుంటుంది. మీకు మొదటికొచ్చినట్టు కనిపిస్తున్నది ఇదే.

పోస్ట్ అని మార్చాక 405 ఎర్రర్ వస్తే కంగారు పడకండి. గిట్‌హబ్ పేజెస్ లాంటి, పేజీలను నెట్‌లో ఉంచే చోట్ల ఫైళ్లను చూపించే సర్వర్ మాత్రమే ఉంటుంది, వచ్చిన వివరాలను తీసుకునే ప్రోగ్రాం ఉండదు. తీసుకునేవాడు లేడని చెప్పడమే ఆ ఎర్రర్.

ఇప్పుడు ఒక్క ఈమెయిల్ గడినే దగ్గర పెట్టుకుని చూడండి. దానికి ఐడీ ఉండాలి. లేబుల్‌లోని ఫర్ విలువ ఆ ఐడీతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలిసిందో లేదో తేల్చుకోవడానికి లేబుల్ మీద క్లిక్ చేయండి, కర్సర్ గడిలోకి దూకితే కలిసినట్టే. తర్వాత నేమ్. కొత్తవాళ్లలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఐడీ పేజీ లోపలి అవసరాలకు, సర్వర్‌కు వెళ్లేది నేమ్. నేమ్ లేని గడిలో ఎంత టైప్ చేసినా అది ప్రయాణం చేయదు, ఎర్రర్ కూడా రాదు. టైప్ ఈమెయిల్ అని ఇస్తే ఫోన్‌లో ఎట్ గుర్తున్న కీబోర్డు వస్తుంది. ప్లేస్‌హోల్డర్ (గడి లోపల లేతగా కనిపించే సూచన) ఉందిగా అని లేబుల్ తీసేయకండి. మొదటి అక్షరం కొట్టగానే ఆ సూచన మాయమై, ఆ గడి దేనికో గుర్తుండదు.

ఫోన్ నంబరుకు టైప్ నంబర్ పెట్టకండి. ముందున్న సున్నా, ప్లస్ గుర్తు ఇబ్బంది పెడతాయి. దానికి టెల్ ఉంది. పేరు గడికి ఆంగ్ల అక్షరాలు మాత్రమే అనే ప్యాటర్న్ (ఏ అక్షరాలు ఒప్పుకోవాలో చెప్పే నియమం) రాస్తే తెలుగులో పేరు రాసుకునేవాళ్లూ, ఇంటిపేరు పొడి అక్షరం పక్కన చుక్క పెట్టేవాళ్లూ బయటే ఆగిపోతారు. ఆ ప్యాటర్న్ వల్ల ఒరిగేదేమీ లేదు, తీసేయండి.

పాస్‌వర్డ్ పక్కన 'చూపించు' బటన్ పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టగానే అది నొక్కితే ఫారం వెళ్లిపోతుంది! ఫారం లోపలి బటన్‌కు టైప్ చెప్పకపోతే సబ్మిట్ అనే లెక్క. టైప్ బటన్ అని రాస్తే ఆ గోల తీరుతుంది.

రెండుసార్లు కొట్టిన పాస్‌వర్డ్‌లు కలవకపోతే సెట్‌కస్టమ్‌వ్యాలిడిటీ అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌తో సందేశం ఇస్తారు కదా, కలిశాక అదే ఫంక్షన్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి సందేశాన్ని చెరిపేయాలి. అది మరిచిపోతే సరిగ్గా కొట్టినా ఫారం కదలదు. గంటలు తినేసే తప్పు ఇది.

జావాస్క్రిప్ట్‌లో బటన్ క్లిక్‌ను కాకుండా ఫారం సబ్మిట్ ఈవెంట్‌ను పట్టుకోండి. బ్రౌజర్ తన తనిఖీలన్నీ ముగించాకే సబ్మిట్ ఈవెంట్ వస్తుంది, క్లిక్ మాత్రం గడులు ఖాళీగా ఉన్నా వస్తుంది. ప్రివెంట్‌డిఫాల్ట్ పిలిచి బ్రౌజర్ తనంతట తాను ఫారం పంపకుండా ఆపి, ఫారండేటాతో విలువలు తీసుకుని, సర్వర్‌కు పంపే ఫెచ్ ఫంక్షన్‌తో పంపండి. సర్వర్ 500 (సర్వర్‌లో లోపం అని చెప్పే కోడ్) ఇచ్చినా ఫెచ్ దాన్ని వైఫల్యంగా చెప్పదు. రెస్పాన్స్‌లో ఓకే విలువను మీరే చూడాలి. చూడకపోతే ఖాతా తయారవకపోయినా 'స్వాగతం' అని వచ్చేస్తుంది.

అయితే బ్రౌజర్‌లో చేసే తనిఖీ వాడేవాళ్ల సౌకర్యానికే, రక్షణకు కాదు. డెవలపర్ టూల్స్ తెరిచి గడి తప్పక నింపాలని చెప్పే రిక్వైర్డ్ అన్న మాట చెరిపేయడానికి ఎక్కువసేపు పట్టదు. అందుకే అవే తనిఖీలు సర్వర్‌లో మళ్లీ రాయాలి. ఈమెయిల్ కాలమ్‌కు యునీక్ (ఒకే విలువ రెండుసార్లు చేరకూడదనే) నిబంధన డేటాబేస్‌లోనే పెట్టండి. ముందు వెతికి, లేకపోతే చేర్చు అని కోడ్‌లో రాస్తే, బటన్ రెండుసార్లు నొక్కినప్పుడు రెండు ఖాతాలూ చేరిపోవచ్చు. విలువలను ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) వాక్యంలో అతికించకుండా పారామీటర్లుగా ఇవ్వండి. పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచకూడదు, ఆర్గాన్2 లేదా బీక్రిప్ట్ అనే పద్ధతితో హ్యాష్ చేయాలి, అంటే తిరిగి అసలు రూపానికి తేలేని గుర్తుల వరుసగా మార్చాలి. పాస్‌వర్డ్ పొడవుకు బీక్రిప్ట్ పరిమితి 72 బైట్లు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం, గుణింతపు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు తింటాయి కాబట్టి, తెలుగు పాస్‌వర్డ్ అలాంటి 24 గుర్తులకే ఆ గీత తాకుతుంది.

పూర్తయ్యాక మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్‌లతోనే ఫారం నింపండి. నెట్‌వర్క్ వేగం తగ్గించి బటన్ గబగబా రెండుసార్లు నొక్కండి. ఏది విరిగింది, ఎలా సరిచేశారు అన్నది ప్రాజెక్టు రీడ్‌మీ (పరిచయ) ఫైలులో నాలుగు వాక్యాలు రాయండి. రెజ్యూమేలో 'సైన్ అప్ పేజీ చేశాను' అన్న ముక్క కంటే ఆ నాలుగు వాక్యాల గురించే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి, వాటికి జవాబులు మీ దగ్గర ఉంటాయి. డెమోలో మాత్రం కల్పిత వివరాలే వాడండి. స్నేహితుల అసలు పాస్‌వర్డ్‌లు మీ దగ్గర చేరనివ్వకండి.

ఈ మూడు వారాల్లో మీ మనసు ఎటు లాగిందో కూడా గమనించుకోండి. ఎర్రర్ సందేశం ఎక్కడ, ఎలా కనిపించాలి అన్నదాని మీద కూర్చోబుద్ధయితే ఫ్రంట్ ఎండ్ (వాడేవాళ్లకు కనిపించే భాగం) వైపు వెళ్లండి. డబుల్ ఖాతాల గొడవ, హ్యాష్ సంగతి ఆసక్తిగా అనిపిస్తే బ్యాక్ ఎండ్ (సర్వర్, డేటాబేస్ పని). విరగ్గొట్టడమే సరదాగా ఉంటే టెస్టింగ్ ఉద్యోగాలను చిన్నచూపు చూడకండి.

ఆ తర్వాత ఇదే ఫారాన్ని రియాక్ట్‌లో మళ్లీ చేయండి. అక్కడ ఇన్‌పుట్‌కు వాల్యూ ఇచ్చి ఆన్‌చేంజ్ (విలువ మారినప్పుడు నడిచే ఫంక్షన్) ఇవ్వకపోతే గడిలో ఒక్క అక్షరం కూడా పడదు. దానికి కారణం వెతకడంతో మొదలుపెట్టండి.