వల వదిలిన కాలు: స్క్రీన్‌ప్లే రచనపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం విశాఖపట్నం నుంచీ, దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చినవే. నేనూ ఈ ఊళ్లోనే కూర్చుని రాసుకునేవాణ్ణి కనుక మొదటి ఉత్తరానికి కొంచెం విపులంగానే జవాబు రాశాను. మిగిలినవారు మన్నించాలి.

ప్రశ్న (జాలరిపేట నుంచి ఒక యువకుడు): మత్స్యకార కుటుంబం కథతో స్క్రిప్టు రాస్తున్నానండీ. కొడుకు తాను ఇక వేటకు రానని, హైదరాబాదులో ఉద్యోగం దొరికిందని తండ్రికి చెప్పే దృశ్యం అందులో ముఖ్యమైనది. దాన్ని మూడు పేజీలు రాశాను. మాటలు బాగున్నాయని అందరూ అంటున్నారు గానీ, ఒక మిత్రుడు మాత్రం రేడియో నాటకంలా ఉందన్నాడు. దృశ్యాన్ని జతచేస్తున్నాను. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే. మీ దృశ్యంలో తండ్రీకొడుకులు ఇంటి ముందు ఎదురెదురుగా నిలబడతారు. కొడుకు తన బాధంతా చెబుతాడు, తండ్రి తన బాధంతా చెబుతాడు, చివరికి ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆ మాటల్లో నిజాయితీ ఉంది, చదువుతుంటే నా మనసూ కరిగింది. అయితే దాన్ని కళ్లు మూసుకుని విన్నా నాకేమీ తక్కువ కాదు. నేను రాసిన ప్రతి దృశ్యానికీ మొదట పెట్టుకునే పరీక్ష ఒకటుంది: మాటలన్నీ కొట్టేసి, మిగిలినది చదివితే ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో సగమైనా తెలియాలి. మీ మూడు పేజీలలో మాటలు కొట్టేస్తే "ఇద్దరూ నిలబడి ఉన్నారు" అన్న వాక్యమే మిగులుతుంది.

పైగా మన ఇళ్లలో ఇంత పెద్ద విషయాన్ని ఎవరూ ఎదురుగా నిలబడి చెప్పుకోరు. అన్నం వడ్డిస్తున్నప్పుడో, సైకిలుకు గాలి కొడుతున్నప్పుడో, చూపు ఇంకెక్కడో పెట్టి, విషయానికి పక్కనున్న మాట ఏదో అంటారు. విన్నవాళ్లకు అర్థమవుతుంది, కానీ అర్థం కానట్టే ఉంటారు.

మీ చేతిలో ఉన్న బంగారంలాంటి సరుకును మీరు వాడుకోలేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మర బోట్ల వేటకు నిషేధం ఉంటుందన్నది మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రెండు నెలలూ హార్బరులో బోట్లకు మరమ్మతులు, రంగులు, వలల బాగుచేత. మీ దృశ్యాన్ని "ఒకానొక సాయంత్రం" నుంచి జూన్ 13 సాయంత్రానికి జరపండి. కొడుకు ఎక్కవలసిన రైలు మర్నాటి రాత్రికి ఉందనుకోండి. అప్పుడు కొడుకు చెప్పడానికి మిగిలింది ఒక్క రోజే, తండ్రి బోటు మీదకు మనుషుల్ని చూసుకోవడానికి మిగిలిందీ ఆ ఒక్క రోజే. ఇద్దరికీ చెరొకటి కావాలి, ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. దృశ్యానికి ప్రాణం అక్కడి నుంచి వస్తుంది.

ఇక వాళ్ల చేతులకు పని కావాలి. వల కుట్టేవాళ్లను మీరు నాకన్నా దగ్గరగా చూసి ఉంటారు. వల బిగువుగా ఉండడానికి దాని అంచును కాలి బొటనవేలికి తగిలించుకుని లాగి పట్టుకుంటారు. పెద్ద చిరుగైతే ఎదురుగా మరొక మనిషి పట్టుకోవాలి. ఆ మనిషి కొడుకే కావాలని నా ఉద్దేశం. నేనైతే ఇలా రాస్తాను:

*దృశ్యం 14. బయట. ఫిషింగ్ హార్బరు. సాయంత్రం.*

*తండ్రి నేల మీద కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. ఎదురుగా కొడుకు, వల అంచును బొటనవేలికి తగిలించుకుని బిగువుగా పట్టి కూర్చున్నాడు. వెనక బోటు మీద సుత్తి దెబ్బల చప్పుడు.*

*తండ్రి (తలెత్తకుండా): నువ్వు, నేను, మీ సిన్నాన్న, మీ బావ. ఇంకిద్దరు దొరికితే సాలు.*

*కొడుకు జేబులో ఫోను మోగుతుంది. తీసి చూడకుండానే పైనుంచి నొక్కి ఆపేస్తాడు.*

*కొడుకు: ముగ్గుర్ని సూసుకో అయ్యా.*

*సూది ఆగుతుంది. తండ్రి లెక్క సరిచూసుకుంటున్నట్టు వేళ్లు ముడిచి, మళ్లీ తెరుస్తాడు. కుట్టడం మొదలుపెడతాడు.*

*తండ్రి: బిగువుగా అట్టుకో.*

*కొడుకు కాలు వదులవుతుంది. వల జారిపోతుంది. తండ్రి తన రెండో కాలు చాచి, జారిన అంచును తన వేలికే తగిలించుకుని, కుడుతూనే ఉంటాడు.*

ఇందులో ఉద్యోగం అన్న మాట లేదు, హైదరాబాదు అన్న మాట లేదు. "ఇద్దరు" అన్నచోట "ముగ్గుర్ని" అనడంతో కబురు చేరిపోయింది. తండ్రి ఏమనుకున్నాడో ఆ రెండో కాలు చెబుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ సాయంత్రం కంపెనీవాళ్లు ఫోను చేస్తారని అంతకుముందే ఒక దృశ్యంలో ప్రేక్షకుడికి తెలిసి ఉండాలి, లేకపోతే ఆ ఫోను ఒట్టి ఫోనుగానే మిగిలిపోతుంది. మీ పదకొండో దృశ్యంలో ఇంటర్వ్యూ ఉంది గనుక అక్కడ ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది.

ఇంకొక్క మాట. "అతని గుండెలో సముద్రం పోటెత్తింది" అని మీరు రాసిన వాక్యం కథలో అయితే చెల్లుతుంది, స్క్రిప్టులో చెల్లదు. దాన్ని చదివిన నటుడు ఏం చేయాలి, కెమెరా ఎటు చూడాలి? అలాగే క్రేన్ షాటు, క్లోజప్ అంటూ మీరు పెట్టిన సూచనలు కూడా తీసేయండి, అవి దర్శకుడి పని. మూడు పేజీల మాటలను మాత్రం చింపేయకండి. అవి ఆ ఇద్దరూ పైకి అనకుండా దాచుకున్న మాటలు. వాటిని మీరు ఒకసారి రాసి ఉండడం వల్లే ఇప్పుడు వాళ్లచేత తక్కువ మాట్లాడించగలుగుతున్నారు.

ప్రశ్న (అనకాపల్లి నుంచి ఒక పాఠకురాలు): నా కథలోని మనుషులందరూ మా ప్రాంతం వాళ్లే. ఉత్తరాంధ్ర యాసలో మాటలు రాస్తే "ఇది కామెడీ ట్రాకా?" అని అడిగారు. నాయిక చేతనైనా మామూలు భాష మాట్లాడించమని సలహా ఇస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ సలహా దయచేసి పాటించకండి. మన యాస తెర మీద ఎక్కువగా నవ్వించడానికే వచ్చిందన్నది నాకు ఎప్పటి నుంచో ఉన్న బాధ. రావిశాస్త్రి గారు న్యాయవాదిగా ఈ ఊరి కోర్టుల్లో ఇదే భాష విని, దానితోనే పేదల బతుకులను కథలుగా రాశారు. ఆ కథల్లో నవ్వు ఉంది, అయితే ఆ నవ్వు ఆ మనుషుల మీద కాదు.

మీ పేజీలు చూశాక ఒక సంగతి చెప్పాలనిపించింది. ప్రతి "చ"నూ "స"గా మార్చినంత మాత్రాన యాస రాదు. అది క్రియల్లో ఉంటుంది, వాక్యం ముగిసే తీరులో ఉంటుంది: ఎల్లిపోనాడు, సెప్పీసినాను, నేదు. అక్షరాలు మార్చడం తగ్గించి ఈ ముగింపులు సరిగ్గా పట్టుకుంటే చదివేవాడికీ తేలిక, నటించేవాళ్లకూ తేలిక. ఇంకా ముఖ్యమైనది, ఎవరూ అందరితోనూ ఒకే యాసలో మాట్లాడరు. బ్యాంకు కౌంటరు దగ్గర "లేదండీ, తెచ్చుకోలేదండీ" అని అతి జాగ్రత్తగా మాట్లాడిన తల్లి, పక్కకు తిరిగి కూతురితో "నేదే, ఇంటికాడ మర్సిపోనాను" అంటుంది. ఆ రెండు వాక్యాల మధ్య ఆమె బెరుకూ, చనువూ రెండూ కనిపించాయి. మీ నాయిక ఎవరి ముందు భాష మార్చుకుంటుంది, ఎవరి ముందు మార్చుకోదు, ఏ దృశ్యం నుంచి మార్చుకోవడం మానేస్తుంది అన్నది నిర్ణయించుకోండి. అప్పుడు యాస కథలో భాగమవుతుంది, ఎవరూ దాన్ని తీసేయమనలేరు. ఒక ఆదివారం పూర్ణా మార్కెట్టులో రెండు గంటలు తిరిగి, వినిపించిన క్రియలన్నీ పుస్తకంలో రాసుకోండి.

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక విద్యార్థి): స్క్రిప్టును రెండు నిలువు వరుసల్లో రాయాలా, ఇంగ్లీషు పద్ధతిలో రాయాలా? తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే తప్పా?

జవాబు: ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు అన్న పాత పద్ధతీ, మధ్యలో మాటలు వచ్చే ఇంగ్లీషు పద్ధతీ రెండూ నడుస్తాయి, అడిగినవారికి కావలసినట్టు ఇవ్వండి. పేజీకి ఒక నిమిషం అన్న లెక్క మాత్రం కొరియర్ ఖతిలో, 12 పాయింట్ల పరిమాణంలో టైపు చేసిన ఇంగ్లీషు పేజీకి పుట్టినది, తెలుగు పేజీకి అది పొసగదు. గడియారం పక్కన పెట్టుకుని పైకి చదవండి. ఇంగ్లీషు అక్షరాల్లో ప్రతి తీసి ఇవ్వవలసి వస్తే ఇవ్వవచ్చు, కానీ మీరు రాసుకునేది తెలుగు లిపిలోనే రాయండి. ల, ళ ఒకటైపోయి, దీర్ఘాలు మాయమైపోయిన మాటలో దాని నడక మీకే వినిపించదు.

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక పాఠకుడు): కథ చెబితే కాజేస్తారేమోనని భయం. చెప్పకపోతే అవకాశం రాదు. రిజిస్ట్రేషన్ చేయిస్తే రక్షణ ఉంటుందా?

జవాబు: మీ భయం నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట ఒక కార్యాలయంలో రెండు గంటలపాటు కథ చెప్పాను. కాగితం మీద ఏమీ లేదు, అంతా నోటితోనే. కొంతకాలానికి నా ఇంటర్వెల్ ఘట్టంలాంటిదే తెర మీద చూశాను. వాళ్లు తీసుకున్నారో, ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చిందో నేను ఇప్పటికీ చెప్పలేను, ఎందుకంటే నేను చెప్పింది ఇదీ అని చూపడానికి తేదీ వేసిన కాగితం ఒక్కటీ నా దగ్గర లేదు.

ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరు మీదే కాపీరైటు ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే, ఒక నాటకానికీ సినిమాకూ మధ్య వచ్చిన వివాదంలో స్పష్టంగా చెప్పింది. కనుక "జాలరి కొడుకు ఉద్యోగానికి వెళ్తాడు" అన్నది ఎవరైనా రాసుకోవచ్చు. దృశ్యాలుగా, మాటలుగా మీరు రాసినది మీది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే ఆ హక్కు వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే వివాదం వచ్చినప్పుడు అది గట్టి సాక్ష్యం. కాపీరైటు కార్యాలయానికి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టవచ్చు. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. రచయితల సంఘాలలో నమోదు చేయించుకునే వీలు కూడా ఉంది. కథ చెప్పి వచ్చిన రోజే "ఈరోజు మీకు వినిపించిన కథ సారాంశం ఇది" అంటూ ఒక మెయిల్ పంపడం మరవకండి.

నా ఉద్దేశంలో దొంగతనం కన్నా ఎక్కువ నష్టం చదవకుండా పెట్టిన సంతకం వల్ల జరుగుతుంది. హక్కులు రాసిచ్చే పత్రంలో కాలపరిమితి లేకపోతే చట్టం దాన్ని 5 సంవత్సరాలుగా లెక్కిస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. వేరే గడువు రాసుకోనప్పుడు, తీసుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడుకోకపోతే అది రద్దవుతుంది. అందుకే చాలా ఒప్పందాలలో "శాశ్వతంగా, విశ్వమంతటా" అన్న మాటలు ఉంటాయి. అవి కనిపించిన చోట ఆగి, మీకు తెలిసిన వకీలుకు చూపించండి. పేరు వేయడం గురించి కూడా ఒక వాక్యం అడిగి రాయించుకోండి.

ప్రశ్న (గాజువాక నుంచి ఒక ఉపాధ్యాయురాలు): నాకు తెల్లవారుజామున ముప్పావుగంట మాత్రమే దొరుకుతుంది. ఉద్యోగం మానేసి హైదరాబాదులో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో గది తీసుకుంటే తప్ప రచయిత కాలేరని అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. చేతిలో పూర్తయిన స్క్రిప్టు లేకుండా హైదరాబాదు వెళ్లినవారు అద్దె కోసం ఇతరుల కథల చర్చల్లో కూర్చుని, తమ కథను తాము మరిచిపోవడం నేను కళ్లారా చూశాను. అక్కడ నేర్చుకునేది లేదని కాదు, చాలా ఉంది. కానీ ముప్పావుగంట తక్కువేమీ కాదు. మన సినిమాకు అరవై, డెబ్భై దృశ్యాలు అనుకుంటే, రెండు రోజులకొక దృశ్యం చొప్పున నాలుగైదు నెలల్లో మొదటి ప్రతి చేతికి వస్తుంది. దానికి ముందు వన్‌లైన్ ఆర్డరు కోసం ఒక నెల కేటాయించండి: దృశ్యానికొక చీటీ, చీటీకి ఒక్క వాక్యం, అన్నీ బీరువా తలుపు మీద అంటించి ఉంచండి. ఉదయం లేవగానే ఏం రాయాలా అని వెతుక్కోనక్కరలేకుండా, ముందురోజు రాత్రే మర్నాటి చీటీ చదివి పడుకోండి. ఇంట్లో కుదరని సెలవు రోజుల్లో ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం ఉంది.

ప్రతి పూర్తయ్యాక నలుగురి చేత పైకి చదివించి వినండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది, నటన నేర్చుకునే పిల్లలకు కొత్త మాటలు దొరికితే ఇష్టంగానే చదువుతారు. విన్నప్పుడు వాళ్లు మెచ్చుకునే చోట్ల కన్నా, చదువుతూ తడబడిన చోట్ల గీత పెట్టుకోండి. నేను తిరగరాసినవన్నీ అలా తడబడిన చోట్లే.

వేసవి సెలవులకు మొదటి ప్రతి, దసరా సెలవులకు రెండో ప్రతి అని పెట్టుకోండి. ఆ తరువాత, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదులో ఉంటారు, కథ చెప్పి మళ్లీ రాత్రి రైలుకే తిరిగి రావచ్చు. మీరు పంపిన స్టాఫ్‌రూము దృశ్యంలో హెడ్మాస్టరు రాగానే అందరూ నోటుబుక్కులు తెరవడం చాలా బాగుంది. ఆ తర్వాతి నాలుగు వాక్యాలు తీసేసి, అక్కడే ఆపండి.