హీబ్రూ ధాతువులు పట్టుకుని ఆదికాండం చదువుతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

నీ వ్యాసాలు అందాయి. బైబిల్లో మొదటి పుస్తకమైన ఆదికాండం కథల్ని హీబ్రూతో సరిచూసుకుంటూ తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది. మన దగ్గర చర్చిలో పెరిగిన పిల్లలకి ఈ కథలు నోటికి వచ్చు గానీ, వాటిని కథలుగా చదివే అలవాటు తక్కువ. మిగతావాళ్ళకి పేర్లు తప్ప పెద్దగా తెలీదు. ఇద్దరినీ కూర్చోబెట్టి చదివించే వాక్యం నీకుంది. అందుకే మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ రొట్టె పేరా తీసెయ్. రొట్టె లెహెమ్, యుద్ధం మిల్‌హామా, రెండింట్లోనూ ల-హ-మ అనే హల్లులున్నాయి, నిజమే. అంతమాత్రాన చెమట కార్చి ఆహారం తింటావని దేవుడు ఆదాముతో అన్న 3:19లో (మూడో అధ్యాయం, 19వ వచనం) మానవజాతి యుద్ధాలన్నీ దాక్కున్నాయంటే ఎలా? ఆ వచనంలో చెమట ఉంది, మన్ను ఉంది, పై వచనంలో ముళ్ళతుప్పలున్నాయి. యుద్ధం ఊసే లేదు. దాన్ని అక్కడికి మోసుకొచ్చింది నువ్వు.

ధాతువు దొరగ్గానే అర్థం కూడా దొరికిపోయిందనిపిస్తుంది. జేమ్స్ బార్ అనే స్కాటిష్ పండితుడు 1961లోనే ఈ పద్ధతిని చీల్చి చెండాడాడు. మాటకి అర్థం దాన్ని వాడిన వాక్యం ఇస్తుంది, దాని పుట్టుక కాదు అన్నది ఆయన వాదన. ఆయన దుయ్యబట్టింది వీధి చివర ప్రసంగీకుల్ని కాదు, లావుపాటి వేదాంత నిఘంటువులు రాసిన ప్రొఫెసర్లని. మన దగ్గర ఇప్పుడు అదే వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆదాము నుంచి నోవహు దాకా పది పేర్ల అర్థాలూ వరసగా పేర్చి ఒక సువార్త వాక్యం తయారుచేస్తారు చూడు, అదీ ఈ బాపతే. ఆ వాక్యం కుదరాలంటే మెతూషెల అంటే 'అతని చావు తెస్తుంది' అనాలి. ఆ పేరులో మొదటి ముక్కని చావుగా కాక 'మనిషి' అనే పాత మాటగా చూసే పండితులే ఎక్కువ. నీ మూడో వ్యాసం చివర ఈ జాబితా ఉంది. అది కూడా వద్దు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. హీబ్రూ క్రియలకి మూడేసి హల్లుల ధాతువు ఉంటుందని సూత్రం కట్టినవాడు యెహూదా హయ్యూజ్. 10వ శతాబ్దం చివర స్పెయిన్‌లోని కొర్డోబాలో ఉండేవాడు, అరబ్బీ వ్యాకరణం బాగా తెలిసినవాడు. ఆదికాండం చెప్పినవాళ్ళు ఆయనకి వెయ్యేళ్ళకి పైగా ముందువాళ్ళు. వాళ్ళ దగ్గర ధాతుపాఠం లేదు, చెవి ఉంది. అందుకే ఈ కథల్లో చాలాచోట్ల పనిచేసేది ధాతువు కన్నా శబ్దం. మన అలంకారశాస్త్రం చదివినవాళ్ళకి శ్లేష, యమకం అంటే వెంటనే అర్థమవుతుంది.

రెండో అధ్యాయం చివరి వచనంలో ఆదామూ అతని భార్యా అరుమ్మీమ్, అంటే దిగంబరులు. ఆ వెంటనే మూడో అధ్యాయం మొదట్లో పాము అరూమ్, అంటే యుక్తి గలది. రెండూ ఒకే ధాతువు అని రాశావు నువ్వు. కాదు, వేరు వేరు. కానీ వాటిని అలా పక్కపక్కన పెట్టడం మాత్రం కావాలని చేసిందే. సిగ్గు ఎరగని అమాయకత్వం ఏ చప్పుడుతో ముగిసిందో, జిత్తులమారితనం అదే చప్పుడుతో లోపలికి వస్తుంది. లేని చుట్టరికం కలపకుండానే ఈ మాట రాయొచ్చు, ఇంకా బాగా రాయొచ్చు.

ఈష్ (పురుషుడు), ఇష్షా (స్త్రీ) సంగతీ అంతే. వినడానికి జంటమాటలు, ధాతువులు వేరు. మన పాత తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ చెవి పెట్టి విన్నారు. "నరునిలోనుండి తీయబడెను గనుక నారి అనబడును" అన్నారు. అర్థంతో పాటు మోతనీ పట్టుకున్న వాక్యం అది. నీ వ్యాసంలో దాని ప్రస్తావనే లేదు. మన పాఠకుడికి హీబ్రూ ఆట రుచి చూపించడానికి ఇంతకన్నా సులువైన చోటు నీకు దొరకదు.

ఆకాశాన్నంటే గోపురం కట్టబోయిన బాబెలు కథ మీద నువ్వు రాసింది పొడుగైంది గానీ ఇటుకల దగ్గర ఆగలేదు. 11:3లో కట్టేవాళ్ళు 'నిల్బెనా లెవెనీమ్' అంటారు, ఇటుకలు చేద్దాం పట్టండి అని. 11:7లో దేవుడు 'నావ్లా' అంటాడు, వాళ్ళ భాష తారుమారు చేద్దామని. హీబ్రూలో బ, వ ఒకే అక్షరం. ఇప్పుడు చూడు. ఇటుకలో ల-బ-న, తారుమారులో న-బ-ల. వాళ్ళు పేర్చిన వరసనే ఆయన తిరగేశాడు. నావ్లా అసలు ధాతువు బ-ల-ల. ధాతువు దగ్గరే కూర్చుంటే ఈ ఆట నీకు కనబడేది కాదు. ఇక బాబెలు, అంటే బబులోను అన్న పేరు. ఆ ఊరివాళ్ళు తమ అక్కాదు భాషలో దాన్ని 'దేవుడి ద్వారం' అని చెప్పుకునేవారు. భాష తారుమారైంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆదికాండం చెప్పే వ్యుత్పత్తి భాషాశాస్త్రం ప్రకారం నిలబడదు. తెలుగు అన్న పేరుని త్రిలింగంతో ముడిపెట్టిన మన పండితులు తమ భాష గొప్పదనం కోసం ఆ పని చేశారు. ఈ కథకుడు ఎదుటివాడి మహానగరాన్ని వెక్కిరించడానికి చేశాడు. 'వ్యుత్పత్తి తప్పు' అని కొట్టేసి వెళ్ళిపోతే ఆ వెక్కిరింత మనకి దక్కదు.

ఇక ధాతువు వెంట నిజంగా నడవాల్సిన చోటు నీ వ్యాసాల్లో లేనేలేదు. అది న-క-ర, గుర్తుపట్టడం.

ఇస్సాకు కళ్ళు కనబడని ముసలివాడు. చిన్న కొడుకు యాకోబు తన అన్న ఏశావు బట్టలు వేసుకుని, చేతులకి మేకపిల్లల తోలు కట్టుకుని ముందుకొచ్చాడు. తండ్రి తడిమి చూశాడు గానీ గుర్తుపట్టలేదు, దీవించేశాడు. 27:23లో ఈ ధాతువు కథలోకి వచ్చింది. తర్వాత యాకోబు మామ లాబాను దగ్గర్నుంచి పారిపోతుంటే అతను వెంటపడి, నా దేవతల్ని ఎత్తుకొచ్చావన్నాడు. మనవాళ్ళందరి ఎదుటా వెతుక్కుని నీదేదో గుర్తుపట్టి తీసుకో అన్నాడు యాకోబు (31:32), పైగా అవి ఎవరి దగ్గర దొరికితే వాళ్ళు బతకకూడదు అని కూడా అన్నాడు. తన భార్య రాహేలే వాటిని దొంగిలించిందని పాపం అతనికి తెలీదు.

ఆ యాకోబు ముసలివాడయ్యాక కొడుకులు తమ్ముడు యోసేపుని వదిలించుకుని, అతని అంగీని మేక రక్తంలో ముంచి పంపారు. "హక్కెర్ నా", గుర్తుపట్టు అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు, యోసేపు చచ్చాడని కూడా వాళ్ళ నోటితో అనలేదు. గుర్తుపట్టమన్నారు అంతే. మిగతా అబద్ధం తండ్రే అల్లుకున్నాడు. మేకతోలుతో తండ్రిని మోసగించినవాడికి మేక రక్తం ఎదురొచ్చింది.

వెంటనే 38వ అధ్యాయం. యోసేపు కథ మధ్యలో ఈ యూదా, తామారుల కథ ఎందుకొచ్చిందో తెలీక చాలామంది దాటేస్తారు. సండేస్కూల్లో అయితే అసలు చెప్పరు. విధవరాలైన కోడలు తామారు గర్భవతి అని విని, ఆ అన్నదమ్ముల్లో ఒకడైన యూదా ఆమెని కాల్చెయ్యమన్నాడు. ముసుగులో ఉన్న ఆమెని వేశ్య అనుకుని దగ్గరైంది తనేనని అతనికి తెలీదు. ఆమెని బయటికి లాక్కొస్తున్నారు. ఆ టెన్షన్‌లో కూడా ఆమె అతని పేరు ఎత్తలేదు. ముద్ర, దారం, కర్ర మామగారికి పంపించింది. అతను మేకపిల్లని పంపిస్తానని చెప్పి, అందాకా పూచీగా తన చేతికిచ్చిన వస్తువులే అవి. వాటితో పాటు పంపిన కబురు, "హక్కెర్ నా." అన్నదమ్ములు తండ్రితో అన్నది అక్షరం పొల్లుపోకుండా అదే. మన తెలుగు బైబిల్లోనూ రెండుచోట్లా గురుతుపట్టమనే ఉంటుంది, పక్కపక్క పేజీల్లోనే. అయినా మనం చదువుకుంటూ వెళ్ళిపోతాం. పాత యూదు రబ్బీలు మాత్రం వదల్లేదు. నువ్వు నీ తండ్రితో ఏమన్నావో అదే మాట తామారు నీతో అంటుంది అని యూదాని ఉద్దేశించి, ఆదికాండం మీద తమ పాత వ్యాఖ్యానమైన బెరేషిత్ రబ్బాలో రాసిపెట్టారు. యూదా గుర్తుపట్టాడు. ఆమె నాకంటే నీతిమంతురాలు అన్నాడు.

తర్వాత ఐగుప్తు, అంటే ఈజిప్టు. ధాన్యం కొనడానికి అక్కడికి వచ్చిన అన్నల్ని 42:7లో యోసేపు గుర్తుపట్టి, పరాయివాడిలా నటించాడు. ఆ ఒక్క వచనంలో గుర్తుపట్టడమూ పరాయితనమూ రెండూ న-క-ర మీదే నడిచాయి. ఇవి ఒకే ధాతువా, ఒకేలా వినిపించే రెండు ధాతువులా అన్నది నిఘంటువుల తగువు. కథకుడికి దానితో పనిలేదు. పక్క వచనంలో చెప్పేశాడు, అతను వాళ్ళని గుర్తుపట్టాడు, వాళ్ళు అతన్ని గుర్తుపట్టలేదు అని.

ఇలా కథలో మళ్ళీ మళ్ళీ తగిలి దారి చూపే మాటకి యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ ఒక పేరే పెట్టాడు. ఆయనా ఫ్రాంజ్ రోజెన్‌త్స్‌వైగూ కలిసి 1925లో బైబిల్ని జర్మన్‌లోకి తేవడం మొదలుపెట్టినప్పుడు, అక్కడ ఒకే ధాతువుంటే ఇక్కడా ఒకే ధాతువు ఉండాలని పట్టుబట్టారు. జర్మన్ భాష కాస్త ఇబ్బంది పడింది గానీ వాళ్ళు లెక్కచెయ్యలేదు. తెలుగులో ఆ పంతం అన్నిచోట్లా చెల్లదు. నవ్వుకి చెందిన త్స-హ-క ధాతువే చూడు. ఇస్సాకు పేరు దాన్నుంచే. తండ్రి అబ్రాహాము నవ్వాడు, తల్లి శారా నవ్వింది, వరకూ బాగానే ఉంది. 19:14లో లోతు అల్లుళ్ళకి మామగారు పరాచికాలాడుతున్నట్టు అనిపించింది, ధాతువు అదే. 21:9లో హాగరు కొడుకు ఇష్మాయేలు చేసిందీ అదే, మన బైబిల్లో పరిహసించడం అయింది. 26:8లో అబీమెలెకు కిటికీలోంచి చూసేసరికి ఇస్సాకు భార్యతో చేస్తున్నదీ అదే, అక్కడ సరసమాడటం అయింది. 39లో పోతీఫరు భార్య యోసేపు మీద వేసిన నిందలోనూ అదే. వీటన్నిటికీ తెలుగులో ఒకే క్రియ వాడితే చదివేవాళ్ళు నవ్వుతారు. అనువాదకుడికి కుదరని పని వ్యాసకర్తకి కుదురుతుంది. ఇస్సాకు పుట్టుకతో వచ్చిన ఆ నవ్వు ఎన్ని వేషాలు వేసిందో పక్కన కూర్చుని చెప్పగల స్వేచ్ఛ నీకుంది. ఇష్మాయేలు చేసింది వెక్కిరింతో, వట్టి ఆటో మాత్రం నువ్వు తేల్చకు. మూలం తేల్చలేదు.

పనిముట్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఫోన్లో స్ట్రాంగ్స్ నంబర్లు చూసుకుంటున్నావని తెలుస్తూనే ఉంది. 1890 నాటి ఆ కన్‌కార్డెన్స్ (బైబిలు మాటల సూచిక) ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతకడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. దాని వెనకున్న చిన్న నిఘంటువులో అర్థాలు వరసగా ఉంటాయి కదా అని వాటన్నిటినీ ఒక్క వచనం మీద కుమ్మరించకు. మాట వచ్చిన చోట్లన్నీ ముందు చదువు, నిఘంటువు తర్వాత తెరువు. 32వ అధ్యాయంలో హీబ్రూ బైబిలు వచన సంఖ్యకీ మన బైబిలు సంఖ్యకీ ఒకటి తేడా ఉంటుంది, యబ్బోకు ఏటి దగ్గర యాకోబు పెనుగులాట మీద నీ వ్యాసంలో అందుకే కలగాపులగం అయింది. లిప్యంతరీకరణకి ఒకే పద్ధతి పెట్టుకో. ఇస్సాకు పేరుని ఒక పేజీలో ఇత్సాక్, ఇంకో పేజీలో యిత్స్‌హాక్ అని రాస్తే చదివేవాడు ఇద్దరు మనుషులనుకుంటాడు. హీబ్రూలో మన 'హ'కి దగ్గరగా పలికే అక్షరాలు రెండున్నాయి, ఆ తేడా ఒకసారి ముందుమాటలో చెప్పి వదిలెయ్.

మిగతావి పక్కన పెట్టి 38వ అధ్యాయం మీద వ్యాసం ముందు రాసి పంపు. రాసేటప్పుడు ఒకటి ఆలోచించు. 45:1లో యోసేపు అన్నల ముందు బయటపడతాడు. ఇన్ని అధ్యాయాలుగా వెంట నడిచిన న-క-ర సరిగ్గా అక్కడ లేదు. 'గుర్తుపట్టారు' అని రాయలేదు ఆ కథకుడు. య-ద-అ ధాతువుతో, తనని తాను తెలియజేసుకున్నాడు అన్నాడు. ఎందుకు మార్చాడో నాకో ఊహ ఉంది గానీ, నీది చదివాక చెబుతాను.

ఉంటాను.