అమరినా పొసగకపోవచ్చు

సందేహం: పాత ఫిల్మ్ కెమెరాల మీద వ్యాసం రాస్తున్నాను. అందులో "ప్రాచీన కెమెరాకు అనుగుణ్యత కలిగిన కాంతిమాపక సహిత దృశ్యదర్శినిని ఎంచుకోవాలి" అని రాశాను. 'కంపాటిబుల్' అనే అర్థంలో అనుగుణ్యత సరైన మాటేనా?

సమాధానం: ముందుగా రూపం సంగతి. 'అనుగుణ' శబ్దం నుంచి వచ్చే భావనామాలు రెండు: అనుగుణత, ఆనుగుణ్యం. రెండో రూపంలో మొదటి అక్షరానికి దీర్ఘం ఉండాలి. దానికి మళ్లీ 'త' చేరిస్తే ప్రాముఖ్యత, ప్రాధాన్యత లాంటి పొరపాటే అవుతుంది. ప్రాముఖ్యం, ప్రాధాన్యం అంటే చాలు కదా.

రూపం దిద్దినా మాట ఇక్కడ అతకదు. "నిబంధనలకు అనుగుణంగా" అన్నప్పుడు ఒకదాన్ని అనుసరించి మరొకటి నడుస్తుందని అర్థం. రెండు వస్తువులు జత కుదరడం చెప్పడానికి తెలుగులో చక్కని క్రియలున్నాయి. నామవాచకం కోసం వెతకడం వల్లే అవి మీకు తట్టలేదనుకుంటాను. కొలత చాలితే సరిపోతుంది. ఉన్నచోట చక్కగా కూర్చుంటే అమరుతుంది. పక్కదానితో కలిసి పనిచేస్తే పొసగుతుంది. "వాళ్లిద్దరికీ పొసగదు" అని మనుషుల గురించి అంటాం. వస్తువులకూ నిస్సంకోచంగా వాడవచ్చు.

మీ విషయంలోనే ఈ తేడా ఎంత అవసరమో చూడండి. 1971లో వచ్చిన నికాన్ ఎఫ్2 బాడీ మీద డీపీ-1, డీపీ-11 అనే మీటరున్న ఫైండర్లు (మీరు దృశ్యదర్శిని అన్నవి) రెండూ అమరుతాయి. అయితే లెన్సులో ఏ అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం కొలత) పెట్టామో వెలుతురు కొలిచే మీటరుకు తెలిసే దారి రెండింటిలో ఒకటి కాదు. డీపీ-1లో ఉన్న పిన్ను, లెన్సు రింగు మీద 'కుందేలు చెవులు' అని పిలిచే లోహపు ముక్క మధ్యలో కూర్చోవాలి. డీపీ-11కు 1977లో నికాన్ తెచ్చిన ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) పద్ధతి లెన్సు కావాలి. దాని రింగు అంచున ఉండే మెట్టు ఫైండర్‌లోని మీటను తోస్తుంది. మార్పు చేయని పాత లెన్సుకు ఆ మెట్టు ఉండదు. అప్పుడు డీపీ-11 బాడీకి అమరుతుంది గాని ఆ లెన్సుతో పొసగదు. అపర్చర్‌ను నిజంగా చిన్నది చేసి, అంటే స్టాప్ డౌన్ చేసి, వెలుతురు కొలుచుకోవాల్సి వస్తుంది. ఒక్క 'అనుగుణ్యత'తో సరిపెడితే, బాడీకి బిగిస్తే చాలనుకుని పాఠకుడు తప్పు ఫైండర్ కొంటాడు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

'దృశ్యదర్శిని' నిర్మాణంలో దోషం లేదు. సూక్ష్మదర్శిని, దూరదర్శిని వాడుకలో ఉన్నవే. దృశ్యం, దర్శిని రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టడం ముచ్చటైన సంగతి కూడా. అయినా కెమెరా పట్టుకున్నవాళ్లు వ్యూఫైండర్ అనే అంటారు. దాన్ని అలాగే ఉంచండి. 'కాంతిమాపక సహిత' బదులు 'మీటరున్న' అనండి.

'ప్రాచీన' మాత్రం తప్పకుండా తీసేయండి. అది శాసనాలకు, కావ్యాలకు తగిన మాట. కెమెరాకు 'పాతకాలపు' చాలు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "పాతకాలపు కెమెరాకు మీటరున్న వ్యూఫైండర్ ఎంచుకునేటప్పుడు, అది బాడీ మీద అమరుతుందా, మన దగ్గరున్న లెన్సులతో పొసగుతుందా అని రెండూ చూసుకోవాలి."