నాన్న పేరున బ్రెయిన్ క్యాన్సర్‌కి విరాళాలు సేకరించాలనుకునే కొత్తవాళ్లకి

అమెరికా వచ్చిన కొత్తలో అమ్మో నాన్నో బ్రెయిన్ ట్యూమర్‌తో పోతే, దగ్గర లేకపోయామన్న బాధ ఒకటి, వాళ్ల పేరున ఏదో ఒకటి వెంటనే చెయ్యాలన్న ఆత్రం ఒకటి. ఆ ఆత్రంలో ఎక్కువమంది చేసేది వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి, కింద డబ్బు పంపడానికి సొంత జెల్ (Zelle) నంబరు ఇవ్వడం. ఆ పని మాత్రం చెయ్యకండి. పదిమంది డబ్బు మీ జీతం పడే ఖాతాలో కలిశాక, ఎవరు ఎంత ఇచ్చారో, అది ఎక్కడికి వెళ్లిందో రేపు ఎవరడిగినా లెక్క చెప్పాల్సింది మీరే. పైగా ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు రాదు, వాళ్ల కంపెనీ మ్యాచింగూ (ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ తన వంతు కలపడం) రాదు.

501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న ఛారిటీగా గుర్తింపు ఉన్న సంస్థను ఎంచుకుని, వాళ్ల సైట్లోనే నాన్న పేరున పేజీ తెరవండి. డబ్బు నేరుగా వాళ్లకే పోతుంది, రసీదు కూడా వాళ్లే పంపిస్తారు. గుర్తింపు నిజంగా ఉందో లేదో ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సైట్లో పేరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది. గోఫండ్‌మీలో వ్యక్తి పేరున పెట్టేది వేరే సంగతి, అక్కడ ప్రతి విరాళంలోనూ 2.9 శాతం, ఇంకో 30 సెంట్లు కోత పడతాయి. కార్డు నంబరు కొట్టే ముందు టిప్ గడి ఒకటి వస్తుంది, అది ఇష్టమైతేనే ఇచ్చేదని మీవాళ్లకి ముందే చెప్పండి.

ఏ సంస్థకి అన్నది మాత్రం నిదానంగా ఆలోచించండి. గ్లయోబ్లాస్టోమా అనే మొండి బ్రెయిన్ క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత రేడియేషన్‌తో పాటు టెమొజోలమైడ్ అనే కీమో మందు ఇవ్వడం 2005 నుంచి ప్రామాణిక వైద్యం. దానికి ఆధారమైన ట్రయల్లో రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 12.1 నెలలున్న మధ్యస్థ ఆయుష్షు (సగంమంది బతికున్న కాలం) మందు కూడా ఇచ్చినవాళ్లలో 14.6 నెలలైంది, అంతే. కాబట్టి రీసెర్చ్‌కి డబ్బు కావాలి, కాదనను. కానీ ఇంట్లో పరిస్థితి చూసినవాళ్లకి ఇంకోటి కూడా తెలుస్తుంది. ఫిట్స్ వచ్చాక కారు నడపకూడదు, రేడియేషన్ మాత్రం మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు ఉంటుంది, మరి తీసుకెళ్లేదెవరు? నోట్లో మాట అందదు, స్వభావం మారిపోతుంది. ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మా నాన్న చొక్కా గుండీ పట్టక, పెట్టబోయిన అమ్మ చెయ్యి విదిలించి కొట్టేవారు. అమ్మకి అది జబ్బు చేయిస్తున్న పని అని చెప్పేవాళ్లు లేరు. అందుకే నా ఓటు రోగికి, చూసుకునేవాళ్లకి ఆసరా ఇచ్చే పనికే. 1973లో మొదలైన అమెరికన్ బ్రెయిన్ ట్యూమర్ అసోసియేషన్ రీసెర్చ్‌తో పాటు ఇదీ చేస్తుంది.

కంపెనీ మ్యాచింగ్ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి, చాలా కంపెనీల్లో బెనెవిటీ లాంటి పోర్టల్ ఉంటుంది, మీ వంద డాలర్లు అక్కడ రెండువందలు కావచ్చు. మన పిల్లలు మొహమాటపడి దాన్ని వదిలేస్తుంటారు, అందులో సిగ్గు దేనికి? వీసా టెన్షన్ కూడా వద్దు, పైసా తీసుకోకుండా ఛారిటీకి విరాళాలు అడగడం ఉద్యోగం కాదు. ఫౌండేషన్ పెట్టేద్దామన్న ఉత్సాహం మాత్రం కొంచెం ఆపుకోండి: గుర్తింపు కోసం ఐఆర్‌ఎస్‌కి పెట్టే ఫారం 1023కే 600 డాలర్లు, ఆపైన ఏటా లెక్కలు చెప్పే ఫారం 990, రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు. ఆ ఓపికేదో విరాళాలు అడగడానికి వాడుకోవచ్చు.

ఇండియాలో సంస్థకే ఇవ్వాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల మీద ఇండియా చట్టం గుర్తుంచుకోండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న మీరు మీ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. గ్రీన్‌కార్డు దాటి సిటిజెన్ అయిపోయి ఓసీఐతో ఉన్న మీ బాబాయి పంపితే వస్తుంది, ఆఫీసులో అమెరికన్లు ఇచ్చిందీ వస్తుంది. అలాంటి డబ్బు తీసుకోవాలంటే ఆ సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. రెండూ ఉన్నాయో లేదో అడిగాకే పంపండి.

ఇక మెసేజ్. "మా నాన్నగారు క్యాన్సర్‌తో పోరాడి..." అని మొదలుపెడితే ఎవరూ రెండో లైను చదవరు. ఆయన ఏం పని చేసేవారు, జబ్బు మొదట ఎలా బయటపడింది, డబ్బు ఏ సంస్థలో దేనికి పోతుంది, ఈ మూడూ నాలుగు లైన్లలో రాసి లింకు పెట్టండి. మే నెల బ్రెయిన్ ట్యూమర్ అవగాహన నెల, ఆ రోజుల్లో పెడితే ఇంకా మంచిది. మొదటి విరాళం మీరే వెయ్యండి, సున్నా కనిపించే పేజీలో ఇవ్వడానికి ఎవరైనా వెనకాడతారు. ఇచ్చిన ప్రతివారికీ ఆ వారంలోనే పేరుపెట్టి థాంక్స్ చెప్పండి, ఇవ్వనివాళ్లకి రెండోసారి గుర్తుచెయ్యండి, మూడోసారి మాత్రం వద్దు.