అత్తగారు చిక్కిపోతున్నారు, రెండుసార్లు పడ్డారు... వయసు వల్లేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అత్తగారికి 73 ఏళ్లు. రెండేళ్ల కిందట మామగారు పోయారు, అప్పటినుంచి నీచు మానేశారు. ఉదయం చద్దన్నం, మధ్యాహ్నం కాస్త చారన్నం. రాత్రి ఏమీ వద్దంటారు. ఏడాదిలో 52 కిలోల నుంచి 46కి వచ్చారు. కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేరు. తెల్లవారుజామున దొడ్లోకి వెళ్తూ రెండుసార్లు పడ్డారు, అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు. పన్నెండేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. బీపీకి ఒకటి, నిద్రకు ఒకటి ఉన్నాయి. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు. అందరూ ‘ఈ వయసులో ఇంతే’ అంటున్నారు. సూరత్‌లో ఉన్న మా ఆయన నెలకో బలం సెలైన్ పెట్టించమంటున్నారు. పెట్టించమంటారా? ఆవిడ మంచాన పడకుండా ఉండాలంటే ఏం చేయాలి?
– ఒక సోదరి, గజపతి జిల్లా, ఒడిశా

డాక్టర్ సలహా: అమ్మా, ముందు సెలైన్ సంగతి. వద్దు. అర లీటరు గ్లూకోజు బాటిల్‌లో మామూలుగా ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చెంచాల పంచదార. ఉప్పు సెలైన్ అయితే అదే అర లీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. మీ అత్తగారికి షుగరూ ఉంది, బీపీ కూడా ఉంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినప్పుడు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. కండ పట్టించే సరుకు మాత్రం అందులో లేదు. ఆ డబ్బుతో నెలంతా పాలు, పప్పు, వేరుశెనగలు కొనొచ్చని మీ ఆయనకు నా మాటగా చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ ఆరు కిలోలు. కావాలని తగ్గించుకోకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతం పోతేనే మేం కారణం వెతుకుతాం. ఆవిడకు 11 శాతం దాటింది. దీన్ని వయసు ఖాతాలో వేయకూడదు. జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లి మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, విటమిన్ బి12, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష ఉచితంగా చేస్తారు. ముసలితనంలో క్షయ చాలాసార్లు జ్వరం కూడా లేకుండా ఒట్టి నీరసంలాగే వస్తుంది. నోరు తెరిపించి చూపించడం మరచిపోవద్దు. పళ్లు కదులుతుంటే ఎవరైనా చారన్నంతోనే సరిపెట్టుకుంటారు. మన శ్రీకాకుళం, గంజాం వైపు పెద్దావిడల్లో చుట్ట అడ్డపొగ (నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం), పళ్లకు రుద్దే పొగాకు ముద్ద గుడాఖు అలవాట్లు ఇంకా ఉన్నాయి. ఆవిడకు ఆ అలవాటుంటే అంగిలి మీద తెల్లమచ్చ, పుండు ఉన్నాయేమో డాక్టరు చూడాలి.

ఇక పడిపోవడం. మీరు రాసిన మాత్రల్లోనే నాకు దానికి సమాధానం కనిపిస్తోంది. గ్లిమిపిరైడ్ వేసుకుని రాత్రి తినకుండా పడుకుంటే తెల్లవారేసరికి షుగరు బాగా పడిపోవచ్చు. కార్తీకంలో ఒంటిపూట ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. నిద్రమాత్ర మత్తు పొద్దున దాకా వదలదు. బీపీ మాత్ర వల్ల కొందరికి లేచి నిలబడగానే రక్తపోటు దిగిపోతుంది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడో నిమిషానికి కొలవమని అడగండి. పై అంకె 20 తగ్గితే మందు మార్చాల్సిందే. ఇంత బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు షుగరును కుర్రవాళ్లంత గట్టిగా బిగించనక్కర్లేదు, కాస్త వదులుగా ఉంచడమే క్షేమం. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గి అరికాళ్లకు స్పర్శ మందగించవచ్చు. అలాంటప్పుడు కాలు ఎక్కడ పడుతోందో తెలియదు. ఇవన్నీ డాక్టరు చేతే మార్పించండి. నిద్రమాత్రను సొంతంగా ఒక్కసారిగా ఆపేయవద్దు, మెల్లగా తగ్గించాలి.

మహేంద్రతనయ నది దాటి మా వైపు వచ్చే పెద్దవాళ్ల సంచుల్లో నేను తరచూ చూసేది ఒకటుంది. బరంపురం డాక్టరు రాసిన చీటీ ఒకటి, శ్రీకాకుళం డాక్టరు రాసింది ఇంకొకటి. కంపెనీ పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. పాపం, వాళ్లు రెండూ వేసుకుంటుంటారు. మీ ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద కుమ్మరించండి. మోకాళ్ల నొప్పి గోలీలు కూడా. ఉద్దానంలో కిడ్నీలు ఎలా పోతున్నాయో మీకు దగ్గర్లోనే చూస్తున్నారు. అక్కడి జబ్బు మూలం ఏదైనా, షుగరు, బీపీ ఉన్న మనిషి రోజూ నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరుగుతుందన్నది మాత్రం ఖాయం.

చేతి ఆసరా లేకుండా లేవలేకపోవడం అంటే తొడ కండరాలు కరిగిపోతున్నాయని అర్థం. ఇంట్లోనే చూడొచ్చు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడండి. 12 సెకన్లు, అంతకుమించి పడితే బలం తగ్గినట్టు. టేపుతో పిక్క చుట్టుకొలత చూడండి, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే కండ పోయినట్టు. ఇవి ఆసియా దేశాల నిపుణులు 2019లో ఖరారు చేసుకున్న కొలతలు.

పోయిన కండ తిరిగి వస్తుందా అంటే, వస్తుంది. అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 90 ఏళ్ల వయసున్న పదిమంది బలహీనుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తిచేసిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రచురించారు. మీ అత్తగారు వాళ్లకన్నా 17 ఏళ్లు చిన్న.

డాక్టరు చూశాక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం పూటకు ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి తీసుకెళ్లండి. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, గుమ్మం మెట్టు ఒక్కటే ఎక్కి దిగడం, గట్టు పట్టుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడడం కూడా చేయించండి. కాళ్లలో ఓపిక పెరిగాక చీలమండకు ఇసుక నింపిన చిన్న గుడ్డసంచి కట్టొచ్చు. నడక మంచిదే గానీ, కండ పట్టడానికి నడక ఒక్కటే చాలదు. ఇంకొక మాట, కోడళ్లంతా ప్రేమతో చేసే పొరపాటు గురించి. ‘మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చేస్తాను’ అని చేతిలో చీపురు కూడా లాగేసుకోకండి. కూరలు తరగడం, బట్టలు ఆరేయడం, తులసికి నీళ్లు పోయడం ఆవిడకే వదిలేయండి.

తిండి దగ్గరికి వద్దాం. నీచు మానుకున్నది భర్త కోసం. దాన్ని మీరు గానీ నేను గానీ తర్కించే పని లేదు. ఈ వయసులో కిలో బరువుకు రోజుకు గ్రాము నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆవిడకు 46 నుంచి 55 గ్రాములు. చారన్నంలో అందులో సగం కూడా రావు. చద్దన్నం మాన్పించకండి, దాంట్లో గడ్డపెరుగు కలిపి పక్కన గుప్పెడు నానబెట్టి ఉడికించిన వేరుశెనగలు పెట్టండి. మధ్యాహ్నం చారుకు బదులు గట్టి పప్పో, కూరగాయలు వేసి వండే పప్పు దాల్మాయో. సాయంత్రం మీ ఊళ్లో దొరికే ఛెనా (పాలు విరిచి తీసిన ముద్ద) 50 గ్రాములు, పంచదార లేకుండా. అందులోనే 9 గ్రాములు వస్తాయి. రాత్రి పాలు పోసిన చోడి (రాగి) అంబలి. చోడిపిండి 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. క్రియాటినిన్ ఎక్కువుంటే మాత్రం ఈ లెక్క డాక్టరు చెప్పినట్టు మారుతుంది. రాత్రి ఆవిడ కంచం మీ కంచం పక్కనే పెట్టండి. నలభై, యాభై ఏళ్లు ఒకరికి వడ్డించి తిన్న మనిషికి ఒంటరిగా ముద్ద దిగదు. ఏడుపు, నిద్రలేమి, ‘నేనెందుకు ఇంకా’ అనే మాటలు వినిపిస్తే అది దిగులు జబ్బు. దానికి మందుంది, మాట సాయం కూడా ఉంది.

కళ్లలో శుక్లాలు, చెవులు కూడా చూపించండి. మీ పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారికి సవర గిరిజనులుండే కొండల్లో తిరిగినప్పుడు వచ్చిన మలేరియాకు క్వినైన్ వాడడం వల్ల వినికిడి పోయింది. అయినా ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో, ఆయన 75వ ఏట అచ్చయింది. పెద్దవాళ్ల నుంచి ఇంకేమీ ఆశించక్కర్లేదనుకునే ఇళ్లలో నేనీ సంగతి చెబుతుంటాను.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్ల దగ్గర ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కలో అది 70.8. అందులో ఆరోగ్యంగా గడిచేది 60.3 ఏళ్లే. మిగిలిన పదేళ్ల బరువు ఎవరు మోస్తున్నారు? కొడుకులు సూరత్‌లో, విశాఖలో, హైదరాబాద్‌లో ఉంటే, మంచం పక్కన ఉండేది కోడలు. జీతం లేదు, సెలవు లేదు. 2050 నాటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు 60 దాటినవారే ఉంటారని అంచనా. అప్పటి ముసలివాళ్లు ఇవాళ్టి మీరే. అందుకే ఆ కుర్చీ వ్యాయామం ఇద్దరూ కలిసి చేయండి, ఆ పప్పు ఇద్దరూ తినండి. అత్తగారికి వడ్డించి మిగిలింది తినే అలవాటు మీకుంటే ఈ రోజే మానుకోండి. వారానికి ఒక రోజైనా ఆడపడుచో, మరిదో వచ్చి చూసుకునేలా మీ ఆయనతో మాట్లాడండి. ఆయన దూరాన ఉన్నా ఆ ఏర్పాటు చేయగలరు.

70 దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2025 నుంచి ఒడిశాలోనూ ఇస్తున్నారు. ఆధార్‌తో తీసుకుని ఉంచండి. ఇది ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. రోజువారీ మందులకు ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా మందులిచ్చే నిరామయ కౌంటర్ ఉంది. పెద్దవాళ్ల సమస్య ఏదైనా అడగడానికి 14567 హెల్ప్‌లైన్ ఉంది.

మళ్లీ పడితే, తలకు దెబ్బ తగిలితే, తుంటి నొప్పితో కాలు మోపలేకపోతే, చెమటలు పట్టి మాట తడబడితే ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లండి. మాట తడబడినప్పుడు వీలైతే వెంటనే షుగరు చూడండి. మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. ఇవాళే దొడ్డి దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టించండి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. మూడు నెలల తర్వాత ఆవిడ బరువెంతో, చెయ్యి ఆనించకుండా ఎన్నిసార్లు లేచారో నాకు రాయండి.